అబోరిజినల్ ఆర్ట్ ఉన్న డ్రెస్సులు ఎక్కడ కొంటున్నారు? మనం వేసుకోవచ్చా?

శిరీష_మెల్‌బోర్న్:
నమస్తే అందరికీ. మా ఆఫీసులో ఈసారి రికన్సిలియేషన్ వీక్‌కి (ఆస్ట్రేలియా మూలవాసులతో సయోధ్య కోసం ఏటా జరిపే వారం) లంచ్ పెడుతున్నారు, మే 27 నుంచి జూన్ 3 లోపు ఏదో ఒక రోజు, అబోరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్, అంటే ఇక్కడి మూలవాసుల్లో ఆర్టిస్టులు వేసిన డిజైన్ ఉన్న బట్టలుంటే వేసుకుని రమ్మన్నారు. నాకు ఆ ప్రింట్లంటే ఎప్పట్నుంచో ఇష్టం కానీ ఇన్నాళ్ళూ కొనలేదు, రెండు డౌట్లు. ఒకటి, మనలాంటి బయటివాళ్ళం వేసుకుంటే వాళ్ళకి బాధనిపిస్తుందా? రెండోది, ఆన్‌లైన్‌లో 25 డాలర్ల నుంచి 450 దాకా ఉన్నాయి, దూరం నుంచి చూస్తే అన్నీ చుక్కలు చుక్కలుగానే కనపడుతున్నాయి, మరి అంత తేడా దేనికి? కొన్నవాళ్ళుంటే చెప్పండి. రెడీమేడ్ అయినా పర్లేదు, కుర్తీ కుట్టించుకునేలా బట్ట దొరికితే ఇంకా మంచిది.

సిడ్నీ_సుధ:
హాయిగా వేసుకో శిరీషా. వాళ్ళే డిజైన్ చేసి, వాళ్ళే షాపులో పెట్టి అమ్ముతున్నారంటే అందరూ వేసుకోవాలనే కదా. నాకు తెలిసినవి చెప్తా. న్గాలి అని మెల్‌బోర్న్ లేబులే, విరాజురి తెగ ఆవిడ డెన్నీ ఫ్రాన్సిస్కో 2018లో మొదలుపెట్టారు, వెస్టర్న్ ఆస్ట్రేలియా ఉత్తరాన కింబర్లీలో వార్మన్ అనే ఊరి ఆర్టిస్ట్ లిండ్సే మలే పెయింటింగ్స్‌ని సిల్క్ మీదకి తెస్తారు, చాలా బావుంటాయి. 2023లో ఆస్ట్రేలియన్ ఫ్యాషన్ వీక్‌లో సొంతంగా సోలో షో చేసిన మొదటి ఫస్ట్ నేషన్స్ (మూలవాసుల) డిజైనర్ ఆవిడే. మారా కలెక్టివ్ అని జూలీ షాది ఒకటుంది, ఆవిడ యువాలరాయ్ తెగ, లైట్నింగ్ రిడ్జ్ వైపు. స్కార్ఫులు కావాలంటే కిర్రికిన్ చూడు. రేట్లు మాత్రం గట్టిగానే ఉంటాయి.

రమ్య_టార్నీట్:
నాకు ఈ రేట్ల సంగతే అర్థం కాదు. డ్రెస్‌కి 300, 400 అంటే మనం పెళ్ళికి పట్టుచీర కొన్నట్టు. మొన్న వీకెండ్ మార్కెట్‌లో ఇలాంటి కఫ్తాన్‌లే 35కి అమ్ముతున్నారు, తాబేళ్ళు, బల్లులు, చుక్కలు అన్నీ ఉన్నాయి. గీసింది ఎవరు అని అడిగితే అమ్మేవాడు అబోరిజినల్ స్టైల్ అన్నాడు తప్ప పేరు చెప్పలేదు. ట్యాగ్ తిప్పి చూశా, సైజు తప్ప ఏమీ లేదు. కొనకుండా వచ్చేశాను కానీ, చూడ్డానికి మాత్రం బానే ఉంది మరి.

డార్విన్_నర్సు:
రమ్యగారూ, కొనకుండా వచ్చి మంచి పని చేశారు. ఆ పేరు దగ్గరే ఉంది మొత్తం తేడా.

నేను డార్విన్‌లో ఉంటాను, అప్పుడప్పుడూ క్లినిక్ డ్యూటీకి ఆర్నెమ్ ల్యాండ్ (డార్విన్‌కి తూర్పున ఉండే అబోరిజినల్ ప్రాంతం) ఊళ్ళకి పంపిస్తారు. మనిన్‌గ్రిడా అని డార్విన్‌కి తూర్పున 500 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఊరు, వానాకాలంలో రోడ్డు మూసుకుపోతే విమానమే గతి. చిన్న ఊరే కానీ పన్నెండుకి పైగా భాషలు మాట్లాడతారు, ఒకే ఇంట్లో మూడు నాలుగు భాషలు వినపడతాయి. అక్కడ బాబ్బర్రా విమెన్స్ సెంటర్ ఉంది. 1983లో ఇళ్ళల్లో కష్టాలుపడే ఆడవాళ్ళకి తలదాచుకునే చోటుగా మొదలైంది, 1989 నుంచి బట్టల మీద ప్రింటింగ్ చేస్తున్నారు, ఇప్పుడు అదే వాళ్ళ జీవనం. నేను వెళ్ళినప్పుడు లోపల పొడుగాటి టేబుల్ మీద బట్ట బిగించి పరిచారు, ముదురు బూడిదరంగు లినెన్. స్క్రీన్ పెట్టి ఒకావిడ ఇటునుంచి, ఇంకొకావిడ అటునుంచి రంగు లాగుతున్నారు, ఒక ఫ్రేమ్ వదిలేసి ఒక ఫ్రేమ్ వేసుకుంటూ వెళ్ళి, తడి ఆరాక మళ్ళీ వెనక్కి వచ్చి వదిలేసినవి నింపుతున్నారు. రెండో రంగు దానిమీద పడాలి, వెంట్రుకవాసి పక్కకి జరిగినా కింద బట్ట రంగు సన్నటి గీతలా బయటికి కనపడుతుంది. ఆ గీత ఉన్న బట్ట చూస్తే నాకు ముద్దొస్తుంది, చేత్తో వేశారని తెలుస్తుంది కదా.

ఇంక డిజైన్లు. నేను కొన్నది మాన్‌జబు, అంటే తీగలతో అల్లే పొడుగాటి చేపల బుట్ట, ఏట్లో అడ్డంగా పెడతారు. బట్ట మీద ఆ బుట్టలు నిలువుగా వరసలు వరసలుగా ఉంటాయి, ఒక్కో బుట్టలో అల్లిక పుల్లలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా. దగ్గరికి వెళ్తే బుట్ట, దూరంగా నిలబడితే వట్టి గీతల డిజైన్. ఇంకొకటి యాక్‌యాక్, మంచినీటి మడుగుల్లో ఉండే ఆడపిల్లల ఆత్మలు, చేప తోక, జుట్టంతా నాచులా తేలుతూ ఉంటుంది. అది వాళ్ళ మడుగు, వాళ్ళ అమ్మమ్మల దగ్గర్నుంచి వచ్చిన కథ. ఎవరి కథ వాళ్ళే వెయ్యాలి, పక్క కులంవాళ్ళ (క్లాన్ అంటారు, మన కులాల్లాంటిది కాదు) కథ పక్కవాళ్ళు ముట్టుకోరు, నచ్చింది కదా అని సొంతవాళ్ళే వెయ్యరు. అలాంటిది ఎక్కడో ఫ్యాక్టరీలో కూర్చున్నవాడు తాబేలూ బల్లీ కలిపి కొట్టిన ప్రింట్‌లో ఏ కథా ఉండదు. అందుకే దాన్ని గీసింది ఎవరో చెప్పలేకపోయాడు అతను.

శిరీషగారూ, మీ మొదటి డౌట్‌కి నా జవాబు: ఆర్ట్ సెంటర్, అంటే బాబ్బర్రాలా ఆర్టిస్టుల ఊళ్ళోనే ఉండే సెంటర్, అమ్మిన బట్ట వేసుకుంటే వాళ్ళు సంతోషిస్తారు. నేను ఆ మాన్‌జబు టాప్ వేసుకుని క్లినిక్‌కి వెళ్తే ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపి, బట్ట అంచు తిప్పి చూసి, ఇది మా చెల్లెలిది అని మిగతావాళ్ళందరికీ చూపించింది. వరసకి చెల్లెలు.

వరంగల్_పిల్ల:
మస్తు రాసినవ్ అక్కా. నాకు ఒక ఐడియా ఉంది, ఎవరన్న చేసిన్రా చెప్పుండ్రి. హైదరాబాద్‌ల డిజిటల్ ప్రింట్ చేసేటోళ్ళు ఉన్నరు గదా, ఫోటో పంపిస్తె జార్జెట్ మీద, క్రేప్ మీద ఏదైన ప్రింట్ కొట్టి ఇస్తరు. మంచి పెయింటింగ్ ఫోటో ఒకటి దొరికింది, చీర కొట్టిపిస్త అనుకుంటున్న. కొంగుకి ఒక పెయింటింగ్ మొత్తం వచ్చేటట్టు. అమ్మ జూన్‌ల వస్తుంది, ఆమెతోని తెప్పిచ్చుకోవచ్చు. డ్రెస్ పైసలల్ల నాలుగు చీరలైతయ్.

అడ్మిన్:
పై పోస్టులోని పెయింటింగ్ ఫోటో తీసేశాను, ఆర్టిస్ట్ అనుమతి లేకుండా ఇక్కడ పెట్టలేం. అలాగే ఈ చర్చలో చనిపోయిన ఆర్టిస్టుల పేర్లు వచ్చే అవకాశముంది. చాలా అబోరిజినల్ కుటుంబాల్లో చనిపోయినవాళ్ళ పేరు పలకరు, అందుకని ఇక్కడి టీవీలో, మ్యూజియంలలో ముందే చెప్తారు. మనమూ చెప్తున్నాం.

నేత_పిల్ల:
వరంగల్_పిల్లా, నీకు చెప్పాలనే లాగిన్ అయ్యాను, కోపంతో కాదు, చివరిదాకా చదువు.

మాది పోచంపల్లి పక్క ఊరు. ఇప్పుడు పెర్త్‌లో ఉంటున్నా కానీ అమ్మా నాన్నా ఇంకా మగ్గం మీదే. ఇక్కత్ చీర ఎలా తయారవుతుందో నీకు తెలిసే ఉంటుంది, నూలు ఆసు పోయాలి, గ్రాఫ్ చూసుకుంటూ చిటికీ కట్టాలి, రంగులో ముంచాలి, విప్పాలి, మళ్ళీ కట్టాలి, మళ్ళీ ముంచాలి, అప్పుడు గానీ మగ్గం ఎక్కదు. మా అమ్మ ఆసు పోసీ పోసీ కుడి భుజం ఎత్తలేదు ఇప్పుడు. పోచంపల్లికి జీఐ ట్యాగ్ వచ్చింది, అందరూ సంబరపడ్డారు. కానీ బజార్లో ఏముంది? మా డిజైన్‌ని ఫోటో తీసి మిల్లు బట్ట మీద ప్రింట్ కొట్టి పోచంపల్లి ప్రింట్ అని నాలుగైదు వందలకి అమ్ముతున్నారు. కొనేవాళ్ళకి తేడా తెలీదు, తెలిసినా ఎవరికి చెప్తాం. మా మేనమామ మగ్గం అమ్మేసి సెక్యూరిటీ డ్యూటీకి వెళ్తున్నాడు.

ఇక్కడికొచ్చాక అబోరిజినల్ ఆర్ట్ సంగతి చదువుతుంటే ఒక్కో లైనూ మా ఇంటి గురించి రాసినట్టే ఉంది. 2022లో ఇక్కడి ప్రొడక్టివిటీ కమిషన్ (ప్రభుత్వానికి సలహాలిచ్చే సంస్థ) పెద్ద రిపోర్ట్ ఇచ్చింది, అబోరిజినల్ స్టైల్ సావనీర్లలో మూడింట రెండొంతులకి పైనే అసలు అబోరిజినల్ వాళ్ళతో ఏ సంబంధమూ లేనివని. అంతకుముందు 2019లో ఒక కంపెనీకి ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల ఫైన్ వేసింది, బిరూబీ ఆర్ట్ అని, ఇండోనేషియాలో చేయించిన బూమరాంగ్‌లు అవీ ఇక్కడి ఆర్టిస్టుల చేతిపని అన్నట్టు అమ్మినందుకు. ఫైన్ పడేసరికే ఆ కంపెనీ మూతపడే స్థితిలో ఉంది. కాపీ కొట్టినవాడికి బోర్డు మార్చుకుంటే సరిపోతుంది, గీసినవాళ్ళకి మాత్రం పోయింది పోయినట్టే.

వరంగల్_పిల్ల:
అక్కా నీ మాట నాకు మనసుకు తాకింది. గని నేను అమ్ముకునేది లేదు గదా, ఒక్క చీర, నా కోసం. ఎవరన్న అడిగితె ఆర్టిస్ట్ పేరు గూడ చెప్త, పది మందికి తెలుస్తది. అండ్ల తప్పేముంది?

డార్విన్_నర్సు:
దీనికి ఒక నిజం కేసు చెప్తాను. ఇది బట్టల కేసే.

జానీ బులున్ బులున్ అని సెంట్రల్ ఆర్నెమ్ ల్యాండ్ పెద్ద పెయింటర్, గనల్‌బింగు తెగ మనిషి, 2010లో పోయారు. వాళ్ళ కులానికి పవిత్రమైన నీటి మడుగు, అందులో మాగ్‌పై బాతులు, కలువలు, ఆయన బెరడు మీద వేశారు. ఎవరో ఆయన్ని అడగకుండా ఆ బొమ్మలు టీషర్ట్‌ల మీద కొట్టి అమ్మారు. 1989లో కేసు వేస్తే ఇంకొంతమంది ఆర్టిస్టులు కూడా కలిశారు, చివరికి కోర్టు బయట లక్షా యాభై వేల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ టీషర్ట్‌లు చూసిన తర్వాత ఆయన కొంతకాలం బొమ్మలు వెయ్యడమే మానేశారు. ఎందుకంటే ఆ మడుగు బొమ్మ బయటికి ఎలా వెళ్ళాలో కాపలా కాయాల్సిన బాధ్యత ఆయనది.

మళ్ళీ కొన్నేళ్ళకి అవే బాతులు, అదే మడుగు, ఈసారి విదేశంలో ప్రింట్ చేయించి దిగుమతి చేసిన డ్రెస్ బట్ట మీద. 1998లో ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. అందులో నాకు ముఖ్యంగా అనిపించింది ఏంటంటే, కాపీరైట్ ఆర్టిస్టుదే అయినా ఆ బొమ్మ విషయంలో తన కులానికి అన్యాయం జరగకుండా చూసే బాధ్యత ఆయన మీద ఉందని కోర్టు ఒప్పుకుంది. అంటే చూడమ్మా, గీసిన మనిషే తన ఇష్టమొచ్చినట్టు వాడుకోలేడు, పెద్దల్ని అడగాలి. మనం ఫోటో పంపించి కొంగు మీద కొట్టించుకుంటే, ఆ బొమ్మ చీర కుచ్చిళ్ళలో ఎక్కడ మడత పడుతుందో, కాలి కింద ఎక్కడ తగులుతుందో కూడా మనకి పట్టదు. అది వాళ్ళకి దేవుడి గుడి లాంటి చోటు కావచ్చు. కింబర్లీ వైపు వాన్‌జినా అని వానల్ని తెచ్చే ఆత్మల బొమ్మలున్నాయి, నోరు ఉండదు, పెద్ద కళ్ళు. అవి వెయ్యడానికి కొన్ని కులాలవాళ్ళకే అధికారం. ఇంటర్నెట్‌లో ఫోటో దొరికినంత మాత్రాన ఏది ఎలాంటిదో మనకెలా తెలుస్తుంది?

వరంగల్_పిల్ల:
గిది నాకు తెల్వదు అక్కా. అయితె వాళ్ళనే అడిగి, పర్మిషన్ తీసుకుని, పైసలు కట్టి కొట్టిపిచ్చుకోవచ్చా? అసొంటి పద్ధతి ఉన్నదా?

నేత_పిల్ల:
ఉంది. లైసెన్స్ అంటారు. పెయింటింగ్ అమ్మినా కాపీరైట్ ఆర్టిస్ట్ దగ్గరే ఉంటుంది, బట్ట మీద వాడాలంటే విడిగా ఒప్పందం రాసుకోవాలి, ఆర్ట్ సెంటర్‌తో గానీ కాపీరైట్ ఏజెన్సీ (ఆర్టిస్టుల తరఫున లైసెన్సులు చూసే సంస్థ) ద్వారా గానీ. మంచి ఉదాహరణ 2019లో గోర్మన్, మాంగ్కజా కలిసి చేసింది. గోర్మన్ మెల్‌బోర్న్ ఆడవాళ్ళ బట్టల కంపెనీ, మాల్స్‌లో చూసే ఉంటారు. మాంగ్కజా ఆర్ట్స్ కింబర్లీలో ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్‌లో ఉంటుంది. సోనియా కురారా, ఎన్గరల్జా టామీ మే లాంటి పెద్దవాళ్ళ పెయింటింగ్స్ డ్రెస్సుల మీదకి వచ్చాయి, కాపీరైట్ ఏజెన్సీ మధ్యలో ఉండి కాంట్రాక్ట్ రాయించింది, ఆర్టిస్టుల పేర్లు బట్టలతో పాటే వచ్చాయి. టామీ మేగారు ఆ మరుసటి ఏడాదే దేశంలో అన్నిటికన్నా పెద్ద అబోరిజినల్ ఆర్ట్ అవార్డు గెలిచారు, రేకు మీద చెక్కిన పెయింటింగ్‌కి. అంటే ఫ్యాషన్ కోసం పక్కన పెట్టిన సెకండ్ రకం పని కాదు అది, ఆయన నిజమైన పని.

ఒక్క చీర కోసం లైసెన్స్ ఇస్తారా అంటే అది వాళ్ళిష్టం. ఈమెయిల్ రాసి అడగడంలో తప్పులేదు, కాదంటే కాదు.

రమ్య_టార్నీట్:
ఇప్పుడు రేట్ల సంగతి కొంచెం అర్థమైంది. అయినా ఒకటి అడుగుతా. అబోరిజినల్ బ్రాండ్ అయితే సరిపోతుందా, లేక ఆర్టిస్టుకి ఎంత వెళ్తుందో కూడా చూడాలా? కొన్ని సైట్లలో అబోరిజినల్ ఇన్‌స్పైర్డ్ అని ఉంటుంది.

సిడ్నీ_సుధ:
ఇన్‌స్పైర్డ్ అని ఉంటే ట్యాబ్ మూసెయ్. నేను మూడు అడుగుతా రమ్యా: ఆర్టిస్ట్ పేరేంటి, ఏ ఊరు ఏ కులం, వాళ్ళకి డబ్బు ఎలా వెళ్తుంది. ఇండిజినస్ ఆర్ట్ కోడ్ (ఆర్టిస్టులతో న్యాయంగా వ్యాపారం చెయ్యాలని చూసే సంస్థ) వాళ్ళు కూడా కొనేవాళ్ళని ఇవే అడగమంటారు. నిజమైనవాళ్ళు ఈ ప్రశ్నలకి విసుక్కోరు, పైగా ఇంకో పది నిమిషాలు మాట్లాడతారు.

రఘు_బ్రిస్బేన్:
ఆడవాళ్ళ చర్చలో దూరినందుకు ఏమనుకోకండి, మా ఆవిడ పుట్టినరోజుకి వెతుకుతూ వచ్చాను. ఇక్కడ బ్రిస్బేన్‌లో మాగ్‌పై గూస్ అని ఉంది, డార్విన్‌లో 2016లో ఇద్దరు తెల్లవాళ్ళు మొదలుపెట్టారు, ఆర్ట్ సెంటర్లలో చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసిన డిజైన్లతో డ్రెస్సులు, స్కర్టులు. తర్వాత వాళ్ళు దాన్ని అమాండా హేమన్, ట్రాయ్ కేసీ అనే అబోరిజినల్ దంపతుల చేతికి అప్పగించారు. పాకెట్లున్న డ్రెస్సులు, మా ఆవిడకి అదే కావాలి.

వేసుకోవచ్చా లేదా అనేదానికి నేను చూసిన ఒక మంచి పద్ధతి చెప్తాను. క్లోథింగ్ ద గ్యాప్స్ అని విక్టోరియా వాళ్ళ బ్రాండ్, ఒక్కో టీషర్ట్ పక్కన రాసేస్తారు, ఇది ఎలై ఫ్రెండ్లీ, అంటే బయటివాళ్ళు కూడా వేసుకోవచ్చు, లేదా ఇది మాబ్ ఓన్లీ, అంటే వాళ్ళ జనం మాత్రమే. అడగాల్సిన అవసరమే లేదు. జెండా గొడవలో పోరాడింది కూడా వాళ్ళే. అబోరిజినల్ జెండా 1971లో హెరాల్డ్ థామస్ డిజైన్ చేశారు, బట్టల మీద ఆ జెండా వేసే హక్కు 2018లో అబోరిజినల్ వాళ్ళది కాని ఒక కంపెనీ చేతికి వెళ్ళింది. దాంతో తమ జెండాని తమ టీషర్ట్ మీద వేసుకున్నందుకు వీళ్ళకి నోటీసు వచ్చింది! ఊరూరా ఉద్యమం చేశారు, ఫుట్‌బాల్ టీములు జెండా లేకుండా ఆడాయి, చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం రెండు కోట్ల డాలర్లకి పైగా పెట్టి కాపీరైట్ కొని అందరికీ ఫ్రీ చేసింది.

పద్మజ_అడిలైడ్:
అమ్మాయిలూ, మీరంతా కొత్త బ్రాండ్లు చెప్తున్నారు, నేను కొంచెం వెనక్కి తీసుకెళ్తాను. నేను ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, బట్టల చరిత్ర నాకు పిచ్చి, ఎగ్జిబిషన్ అంటే ఏదీ వదల్లేదు.

మా సౌత్ ఆస్ట్రేలియా ఎడారిలో ఎర్నబెల్లా ఉంది, పుకట్జా అంటారు ఆ ఊరిని. 1948లో క్రైస్తవ మిషన్‌లో ఉన్ని వడికే క్రాఫ్ట్ రూమ్‌గా మొదలై ఇప్పటికీ ఆగకుండా నడుస్తోంది. ఆడవాళ్ళు ఉన్ని రగ్గుల మీద, కాగితం మీద తీగలు చుట్టుకున్నట్టు ఉండే డిజైన్లు వేసేవారు. 1971లో బాతిక్ (మైనంతో గీసి రంగులో ముంచే అద్దకం) వచ్చింది, 1975లో ఆ ఎడారి ఊరి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు ఇండోనేషియా వెళ్ళి యోగ్యకర్తాలో బాతిక్ నేర్చుకుని వచ్చారు. ఆ రోజుల్లో అక్కడి నుంచి ఆ ప్రయాణం ఊహించండి! వాళ్ళలో ఒకరైన యిపతిగారే తర్వాత 1977లో సెంట్రల్ ఆస్ట్రేలియాలోని యుటోపియాకి వెళ్ళి అక్కడి ఆడవాళ్ళకి నేర్పించారు. ఆలిస్ స్ప్రింగ్స్‌కి ఈశాన్యంగా ఉంటుంది యుటోపియా. చెట్ల కింద కూర్చుని, మైనం కరిగించి, బ్రష్‌తో చెయ్యి ఎత్తకుండా సిల్క్ మీద గీసేవారు, కట్టెల మంట మీద డ్రమ్ముల్లో మరిగించి మైనం తీసేవారు, తడి సిల్కులు చెట్టు కొమ్మలకి ఆరేసేవారు. అందులో ఒకరు ఎమిలీ కామే ఎన్గ్వరే. ప్రపంచం మొత్తం ఇప్పుడు గొప్ప పెయింటర్ అని తలకెత్తుకునే ఎమిలీ అంతకుముందు పదేళ్ళకి పైగా బట్ట మీదే పనిచేశారు, కాన్వాస్ ముట్టుకుంది 1988 చివర్లో, అప్పటికి వయసు 80కి దగ్గర్లో. 1988లోనే యుటోపియా ఆడవాళ్ళవి 88 సిల్క్ బాతిక్‌లు ఒకేసారి ఒక కలెక్షన్‌గా చేయించారు. ఎమిలీ కాన్వాస్‌లలో ఆ రంగు ఎలా పారుతుందో చూస్తే నాకు తడి సిల్కే కనపడుతుంది. అందుకే ఎవరైనా డ్రెస్ మీద ఆర్ట్ అంటే తక్కువరకం అన్నట్టు మాట్లాడితే నాకు మనసు కష్టమవుతుంది.

ఫ్యాషన్‌లోకి ఎలా వచ్చిందంటే, సిడ్నీలో డిజైనర్ లిండా జాక్సన్ 1980ల్లో ఆ యుటోపియా సిల్కులతో గౌన్లు కుట్టారు. బండ్జలుంగ్ తెగ ఆర్టిస్ట్ బ్రోన్విన్ బ్యాంక్రాఫ్ట్ 1985లో సిడ్నీలో సొంత షాపు పెట్టారు, తను పెయింట్ చేసిన బట్టలతో 1987లో పారిస్‌లో షో చేశారు. అదే 1985లో జిమ్మీ పైక్ డిజైన్లతో డెజర్ట్ డిజైన్స్ మొదలైంది. ఆయన గ్రేట్ శాండీ డెజర్ట్‌లో పుట్టిన వల్మజరి తెగ మనిషి, ఫ్రీమాంటిల్ జైల్లో ఉండగా లైనో ప్రింట్ (లినోలియం షీటు చెక్కి వేసే అచ్చు), స్కెచ్ పెన్నులు చేతికొచ్చాయి. ఎడారి అంటే మనం ఎర్రమట్టి రంగు అనుకుంటాం, ఆయన గులాబీ, ఆకుపచ్చ, నీలం, ఊదా అన్నీ పక్కపక్కనే పెట్టేశారు, వానపడ్డాక ఎడారి నిజంగా అలాగే ఉంటుంది. జైల్లో పాఠాలు చెప్పిన ఇద్దరు టీచర్లు ఆయనతో కలిసి కంపెనీ పెట్టారు, డ్రెస్సులు, స్కార్ఫులు, దుప్పట్లు అన్నీ వచ్చాయి.

కావ్య_ఆర్:
పద్మజ ఆంటీ, బాతిక్ జావా నుంచి వచ్చింది, స్క్రీన్ ప్రింట్ ఎక్కడిదో, మరి ఇది వాళ్ళ సంప్రదాయం ఎలా అవుతుంది? తెలుసుకుందామనే అడుగుతున్నా.

పద్మజ_అడిలైడ్:
మంచి ప్రశ్నే తల్లీ. పని నేర్చుకున్నది బయటినుంచి, గీసింది వాళ్ళ ఒంటి మీద, ఇసుక మీద, బెరడు మీద ఎన్నో తరాలుగా గీస్తున్నది. డార్విన్‌కి ఉత్తరాన తివీ దీవులు చూడు, 1969లో బాథర్స్ట్ ఐలాండ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు బీడ్ టుంగుటలుమ్, జియోవన్నీ టిపుంగ్వుటి చెక్క అచ్చులు చెక్కి మొదలుపెట్టిందే తివీ డిజైన్. అదే ఏడాది అదే దీవిలో ఆడవాళ్ళ కుట్టుపనితో బీమా వేర్ మొదలైంది, ఇప్పటికీ తివీ ఆడవాళ్ళదే. పండగలకీ చావులకీ ఒంటికి రాసుకునే రంగుల డిజైన్లే ఆ బట్టల మీద ఉంటాయి. మచిలీపట్నం కలంకారీలో పర్షియా పూలతీగలున్నాయి, గోల్కొండ రోజుల్లో బయటి వ్యాపారం కోసం వేశారు, అయినా పెడనలో అచ్చు కొట్టే మనిషిది కాదని అనం కదా.

శిరీష_మెల్‌బోర్న్:
చదువుతూ కూర్చుంటే టీ చల్లారిపోయింది, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. రెడీమేడ్ వద్దనుకున్నాను. బట్టే తీసుకుంటా, నిన్న రాత్రి బాబ్బర్రా సైట్ అంతా చూశాను, ఒక్కో బట్ట కింద వేసినావిడ పేరు, కథ రాసున్నాయి. యాక్‌యాక్ ఒకటి ఆకుపచ్చ మీద తెలుపు, మనసు పడిపోయింది. కుర్తీకి ఎంత తీసుకోవాలి? వరంగల్_పిల్లలా నాకూ చీర ఆశ ఉంది కానీ అయిదున్నర మీటర్లు అంటే జేబు తట్టుకోదు.

సిడ్నీ_సుధ:
నీకు ఇంకో సంగతి, బాబ్బర్రా వాళ్ళకి మన బెంగళూరుతో సంబంధం ఉంది. అక్కడ తరంగిణి అనే చెక్క అచ్చుల అద్దకం స్టూడియో ఉంది, పాతది, ఆడవాళ్ళు నడిపేది. రెండు సెంటర్లూ కలిసి మనిన్‌గ్రిడా డిజైన్లని చెక్క అచ్చుల్లో చెక్కి బట్టల మీద వేశారు. ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో. బాబ్బర్రా బట్టలు 2019లో పారిస్‌లో ఆస్ట్రేలియన్ ఎంబసీలో కూడా పెట్టారు.

వరంగల్_పిల్ల:
గట్ల కలిసి చేసిన్రంటే బాగున్నది. నేను గూడ చీర ప్లాన్ మార్చిన, ప్లెయిన్ చేనేత చీర అమ్మతోని తెప్పిచ్చుకుంట, దాని మీదికి బ్లౌజ్ తివీ బట్టతోని కుట్టిచ్చుకుంట. మీటరు సరిపోతది గదా?

నేత_పిల్ల:
బ్లౌజ్‌కి మీటరు ఎక్కువే, స్క్రీన్ ప్రింట్ బట్టల పన్నా మన జాకెట్ ముక్క కన్నా చాలా పెద్దగా ఉంటుంది, పొట్టి చేతులైతే ముప్పావు మీటరు చాలు. కానీ సెంటర్ వాళ్ళు ఎంతకి తక్కువ కోస్తారో ముందు కనుక్కో.

శిరీషగారూ, మోకాళ్ళ కిందిదాకా కుర్తీకి రెండు మీటర్లు తీసుకోండి. మామూలు లెక్కలో అంత అక్కర్లేదు కానీ ఇక్కడ బొమ్మలు పెద్దవి, ముందు భాగం మధ్యలో బొమ్మ సరిగ్గా కూర్చోవాలంటే వృథా పోతుంది. కత్తెర వేసే ముందు బట్ట నేల మీద పూర్తిగా పరిచి ఒకసారి చూసుకోండి, యాక్‌యాక్ తల మెడ దగ్గర తెగకూడదు, పక్క కుట్టులో తోక సగానికి పోకూడదు. టైలర్‌కి ఈ మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే మడత పెట్టి కోసేస్తారు. డార్ట్స్, ప్రిన్సెస్ కట్ లాంటివి వద్దు, బొమ్మ విరిగిపోతుంది. సూటిగా ఉండే కట్టే అందం. లినెన్ అయితే కుట్టే ముందు చల్లటి నీళ్ళల్లో తడిపి ఆరేసి ఇస్త్రీ చేయండి, కొంచెం కుంచించుకుంటుంది. తర్వాత ఉతికేటప్పుడు ఎప్పుడూ లోపలివైపు తిప్పి ఉతకండి, నీడలో ఆరేయండి. అంచు మీద పేరు ప్రింట్ అయి ఉంటే అది కోసి పడేయొద్దు, నేనైతే లోపల మెడ దగ్గర లేబుల్‌లా కుట్టేస్తాను.

డార్విన్_నర్సు:
తొందర లేనివాళ్ళు ఆగస్టు దాకా ఆగగలిగితే డార్విన్ అబోరిజినల్ ఆర్ట్ ఫెయిర్‌కి రండి. డెబ్బైకి పైగా ఆర్ట్ సెంటర్లు కన్వెన్షన్ సెంటర్‌లో ఒక్క కప్పు కింద కూర్చుంటాయి, ఎడారి నుంచి, దీవుల నుంచి, ఆర్టిస్టులే వస్తారు, అమ్మిన డబ్బంతా సెంటర్లకే వెళ్తుంది. తానులు తానులుగా బట్టలు, చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఆ వారంలోనే కంట్రీ టు కుటూర్ అని ఫ్యాషన్ షో ఉంటుంది, 2016 నుంచి జరుగుతోంది, ఆర్ట్ సెంటర్ల బట్టలతో కుట్టిన డ్రెస్సులు ఆ ఊళ్ళ అమ్మాయిలే వేసుకుని నడుస్తారు. డేలీ రివర్ దగ్గర నౌయూ ఊరి కీరెన్ కర్రిట్‌పుల్ బట్టలు దొరికితే తప్పకుండా చూడండి, అతని వలలు, బుట్టలు అంత పెద్దవిగా, గాలి ఆడేలా ఉంటాయి. 2020లో మొదటి నేషనల్ ఇండిజినస్ ఫ్యాషన్ అవార్డ్స్‌లో టెక్స్‌టైల్ డిజైన్ అవార్డు అతనికే వచ్చింది.

రఘు_బ్రిస్బేన్:
ఆగస్టులో డార్విన్ టికెట్లు ముందే చూసుకోవాలి, సీజన్ కదా, హోటళ్ళు దొరకవు.

డార్విన్_నర్సు:
అవును, డ్రై సీజన్, అన్నీ నిండిపోతాయి. ఇద్దరు ముగ్గురైతే మా ఇంట్లో సర్దుకోవచ్చు, మెసేజ్ పెట్టండి. రాలేనివాళ్ళు ఏ సెంటర్ బట్ట కావాలో, ఎన్ని మీటర్లో రాయండి, నేను అడిగి రేటు చెప్తాను, ఒకటే పార్సిల్‌లో పంపిస్తే పోస్టేజీ కలిసొస్తుంది.

రమ్య_టార్నీట్:
నాకు రెండు మీటర్లు, మాన్‌జబు, ఆ బూడిదరంగుదే ఉంటే. లేకపోతే వాళ్ళు ఏది బావుందంటే అది.